గాదె ఖాళీగా ఉందేమో చూశారా?

అటానమిక్ నాడీవ్యవస్థ మన ప్రమేయం లేకుండానే గుండె వేగాన్ని, బీపీని, పేగుల కదలికను నడుపుతుంది. అది గాడి తప్పినవాళ్లు ఈసారి ఎక్కువగా పోషక లోపాల గురించే రాశారు. నీరసం, దడ, కళ్లు తిరగడం జబ్బు వల్లా వస్తాయి, లోపం వల్లా వస్తాయి. ఏది దేనివల్లో ఊహతో తేలదు, రక్తపరీక్షతో తేలుతుంది.

ప్రశ్న: నా వయసు 24. పాట్స్ (నిలబడగానే గుండె వేగం మితిమీరి పెరిగే అటానమిక్ సమస్య) ఉంది. నిలబడితే గుండె వేగం 75 నుంచి 120కి పోతుంది. హిమోగ్లోబిన్ 12.6 ఉంది కాబట్టి రక్తం బాగానే ఉందన్నారు. ఫెరిటిన్ మాత్రం 11. ఐరన్ మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం. మానేయనా?

మానొద్దు, వేసుకునే తీరు మార్చండి. మీకు ఐరన్ లోపం ఉంది. హిమోగ్లోబిన్ వాడకంలో ఉన్న ఐరన్‌ని చెబుతుంది, ఫెరిటిన్ గాదెలో నిల్వను చెబుతుంది. గాదె అడుగంటాకే గిన్నెలో తగ్గుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ ఆఖరున పడుతుంది. ఫెరిటిన్ 15 కంటే తక్కువైతే లోపం ఖాయం. 30 కంటే తక్కువున్నా చాలామంది వైద్యులు లోపంగానే చూస్తారు. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ ఉత్తపుణ్యానికి పెరిగి కనిపిస్తుంది. అందుకే దాంతోపాటు వాపును చూపే సిఆర్‌పి, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పేది) కూడా చూడాలి. శాచురేషన్ 20 శాతం లోపు ఉంటే అనుమానించాలి.

ఇక మోతాదు. డబ్బా మీద ఫెరస్ సల్ఫేట్ 325 మి.గ్రా. అని ఉన్నా అందులో అసలు ఐరన్ 65 మి.గ్రా. మాత్రమే. దాన్ని రోజూ కాకుండా రోజు విడిచి రోజు ఉదయం వేసుకునే పద్ధతి గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని పెంచుతుంది. అది సుమారు ఒక రోజు పాటు పేగు తలుపు మూసేస్తుంది. మర్నాడు వేసుకున్నదాంట్లో చాలాభాగం ఒంటికి పట్టక పేగులోనే ఉండిపోయి బాధపెడుతుంది. మాత్రకు గంట ముందు, రెండు గంటల తర్వాత వరకు టీ, కాఫీ, పాలు, కాల్షియం, యాంటాసిడ్ వద్దు. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే 4 గంటల ఎడం ఉండాలి.

పాట్స్‌లో కొందరికి కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అలాంటప్పుడు మాత్ర ఒకేచోట కూర్చుని గోడను ఒరుస్తుంది. వాళ్లకు ద్రవరూపంలో ఉన్నది నయం. పళ్లు నల్లబడకుండా స్ట్రాతో తాగండి. నెమ్మదిగా కరిగే పూత మాత్రలు కడుపుకి హాయే కానీ, ఐరన్ పీల్చుకునే పేగు పైభాగం దాటాక కరుగుతాయి కాబట్టి ఒంటికి పట్టేది తక్కువ. ఏదీ పడకపోతే నరం ద్వారా ఎక్కించే ఐరన్ ఉంది.

8 నుంచి 12 వారాలకు ఫెరిటిన్ మళ్లీ చూపించండి. నెలసరిలో అధిక రక్తస్రావం, సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినడం), ఏళ్లతరబడి వాడే ఎసిడిటీ మాత్రలు... నిల్వ ఎక్కడ కారిపోతోందో కనిపెట్టకపోతే గాదె మళ్లీ ఖాళీ అవుతుంది. ఒక్క మాట: ఐరన్ నిండితే పాట్స్ పోదు. అందులో ఐరన్ లోపం వాటా ఎంతో అంతే తగ్గుతుంది.

ప్రశ్న: అరికాళ్లు తిమ్మిర్లెక్కి మంటలు పుడుతున్నాయి. బి12 తక్కువేమోనని నేనే మూడు రకాలు వాడుతున్నాను: నరాల మాత్ర, మల్టీవిటమిన్, బి6 కలిసిన మెగ్నీషియం. జుట్టు కోసం బయోటిన్ కూడా. ఎనిమిది నెలలైనా తిమ్మిర్లు పెరిగాయే తప్ప తగ్గలేదు.

మూడు డబ్బాలూ ముందు పెట్టుకుని 'పైరిడాక్సిన్' అన్న పేరు వెతకండి. అదే బి6. నరాల మాత్రలో 100, మల్టీవిటమిన్‌లో 10, మెగ్నీషియంలో 25 ఉంటే రోజుకు 135 మి.గ్రా. అయింది. ఒంటికి కావలసింది 2 మి.గ్రా. లోపే. పెద్దలకు గరిష్ఠ పరిమితి అమెరికాలో 100, యూరప్‌లో 2023 నుంచి 12. బి6 ఎక్కువైతే స్పర్శ నరాలే దెబ్బతింటాయి, లక్షణం అవే తిమ్మిర్లు. మందు పెట్టిన బాధని జబ్బుగా భావించి మరో మాత్ర కలపడం మాకు తరచూ కనిపించే పొరపాటు. సొంతంగా మొదలుపెట్టినవి ఆపండి. ఆపాక కూడా కొన్ని వారాలు తిమ్మిర్లు పెరగొచ్చు, కంగారు పడొద్దు. వేరే మందుకు తోడుగా డాక్టర్ రాసిచ్చిన బి6 అయితే మాత్రం అడగకుండా మానొద్దు.

బి12 లోపం కూడా అటానమిక్ నరాలను దెబ్బతీసి, నిలబడగానే బీపీ పడిపోయేలా చేయగలదు. కానీ మాత్రలు మింగుతూ పరీక్ష చేయిస్తే అంకె నిండుగా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. రక్తంలో బి12 మి.లీ.కి 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే, 200 నుంచి 300 మధ్య అనుమానం. అప్పుడు మిథైల్ మలోనిక్ ఆసిడ్ (బి12 నిజంగా తక్కువైతే ఒంట్లో పెరిగే పదార్థం) పరీక్ష అడగండి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్, ఎసిడిటీ మాత్రలు వాడేవాళ్లకు ఈ లోపం రావడం ఎక్కువ. ఒట్టి ఫోలిక్ ఆసిడ్ వాడితే రక్తహీనత సర్దుకుని, నరాల నష్టం లోలోపల సాగుతుంది.

బయోటిన్ రక్తపరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది థైరాయిడ్ ఎక్కువైనట్టు చూపిస్తుంది. అసలే దడతో ఉన్న మనిషికి లేని థైరాయిడ్ జబ్బు అంటగట్టేస్తారు.

ప్రశ్న: బీపీ పడిపోకుండా ఫ్లూడ్రోకార్టిసోన్ వాడుతున్నాను, ఉప్పు 10 గ్రాములు తినమన్నారు. పిక్కలు పట్టేస్తున్నాయి. మెగ్నీషియం కొనుక్కోనా?

ముందు పొటాషియం చూపించండి. ఆ మందు మూత్రపిండాల చేత సోడియంని పట్టి ఉంచి, పొటాషియంని బయటకు పంపిస్తుంది. 3.5 కంటే తగ్గితే కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది. మెగ్నీషియం కూడా తక్కువైతే ఎంత పొటాషియం ఇచ్చినా నిలవదు కాబట్టి రెండూ కలిపి చూడాలి. మెగ్నీషియం ఆక్సైడ్ విరేచనాలు తెస్తుంది. ఒంట్లో నీరు నిలవాలని ఉప్పు తింటూ, దాన్నే పేగులోంచి పోగొట్టుకున్నట్టవుతుంది.

ఉప్పు లెక్కలో ఒక చిక్కుంది. 10 గ్రాముల ఉప్పులో సోడియం సుమారు 4 గ్రాములే. డాక్టర్ చెప్పిన అంకె ఉప్పుదా సోడియందా అని అడిగి రాసుకోండి. 'తక్కువ సోడియం' ఉప్పు వద్దు, అందులో సగానికి దగ్గరగా పొటాషియం క్లోరైడ్ ఉండొచ్చు, మీకు కావలసిన సోడియం ఆ మేరకు తగ్గుతుంది. అధిక బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఈ ఉప్పు సలహా వర్తించదు.

ప్రశ్న: మూడు వారాలుగా ఏం తిన్నా వాంతే. నీళ్లే దిక్కు. విటమిన్లు వాడాలా?

ఇది ఉత్తరాలతో తేలేది కాదు. బి1 నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండదు. ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. గ్లూకోజ్ ఎక్కించేటప్పుడు "వాంతులు మూడు వారాలుగా ఉన్నాయి, బి1 కూడా ఇస్తారా?" అని అడగండి. బి1 అడుగంటినవాళ్లకు ఒట్టి గ్లూకోజ్ ఇస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోతుంది. చూపు రెండుగా కనపడినా, నడక తూలినా, మాట తడబడినా అంబులెన్స్ పిలవండి.