వలస కూలీల వాడలో సేవ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

విజయనగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్న నలుగురు స్నేహితులు కలిసి ప్రతి ఆదివారం స్టేషన్ దగ్గరి వలస కూలీల వాడకి వెళ్ళి దుప్పట్లు, భోజనం పొట్లాలు పంచుదామనుకుంటున్నారు. ఇది పనికొస్తుందా, ఇంకేమైనా చేయాలా అని కదా అడిగారు.

బాబూ, నేను అలాంటి వాడలోనే పుట్టాను. మా నాన్న పార్వతీపురం పక్క పల్లె నుంచి జూట్ మిల్లు పనికి వచ్చాడు. నాకిప్పుడు అరవై దాటాయి. బట్టలు కుట్టుకుని బతుకుతూ, పెళ్ళికి ముందు నుంచీ ఈ పనుల వెంట తిరుగుతూనే ఉన్నాను. ఒడియా పిల్లలు మావుసీ అంటారు, తెలుగు పిల్లలు పిన్ని అంటారు. నన్నడిగితే పొట్లాలు మానేయండి. ఆదివారాలు కూడా వదిలేయండి. నలుగురూ వంతులేసుకుని నెలకొకరు పని రోజున సెలవు పెట్టండి. వాడలో వాళ్ళకి కావలసింది ఆఫీసుకి వెంట వచ్చే మనిషి. ఆఫీసులు ఆదివారం తెరవరు.

మా చిన్నప్పుడు వాడంతా మిల్లు వాళ్ళే. మిల్లులు మూస్తూ తెరుస్తూ ఉండేసరికి ఆ కుటుంబాలు చెదిరిపోయాయి. ఆ ఇళ్ళలోకి రాయగడ, కొరాపుట్ వైపు వాళ్ళు దిగారు. రాయపూర్ లైను ఇక్కడే కలుస్తుంది కాబట్టి వాళ్ళకి దగ్గరి పట్నం ఇదే. ఇప్పుడు టైల్స్ పనికీ పెయింటింగుకీ బీహారు కుర్రాళ్ళు కూడా వస్తున్నారు. మనుషులు మారినా చిక్కు మాత్రం అదే. ఎవరి కాగితం చూసినా వేరే ఊరి అడ్రసు ఉంటుంది.

రేషన్ సంగతి చూడండి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద ఒడిశా కార్డు ఉన్నవాళ్ళు ఇక్కడి డిపోలోనే వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో మనకీ తెలంగాణకీ మధ్య మొదలై, 2022కల్లా దేశమంతా వచ్చింది. కోటా అంతా ఇక్కడే తీసుకోనక్కర్లేదు. కొంత ఇక్కడ తీసుకుంటే మిగతాది ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు తీసుకోవచ్చు. పంచదార, కందిపప్పు లాంటివి మన రాష్ట్రం సొంతంగా ఇచ్చేవి కాబట్టి వేరే రాష్ట్రం కార్డుకి రావు. ఇదంతా కూలి మనిషికి తెలియదు. డిపోలో ‘ఒడిశా కార్డా, ఇక్కడ చెల్లదు’ అన్నారంటే మారు మాట్లాడకుండా వచ్చేస్తాడు. పక్కన ప్యాంటూ చొక్కా వేసుకున్న మీలాంటి కుర్రాడు నిలబడి, ‘ఒకసారి మిషన్‌లో నెంబరు కొట్టి చూడండి’ అంటే కొడతారు. అలా ఎందుకుండాలి అని నాకూ కోపం వస్తుంది. కానీ ఉన్న సంగతి అది.

బడిదీ అదే కథ. ‘టీసీ లేకుండా ఎలాగమ్మా?’ అంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైనా, వయసు కాగితం లేకపోయినా చేర్చుకోవాలి. వయసుకి తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. పదేళ్ళ పిల్లని తెలుగు రాదని ఒకటో తరగతిలో పడేస్తే ఆ సిగ్గుకే మానేసి అమ్మతో పనికి పోతుంది. అందుకని వెళ్ళినప్పుడు ఈ తరగతి మాట గట్టిగా అడగండి.

పుట్టిన పిల్లల నమోదు 21 రోజుల్లోపు జరగాలి. ఘోషాసుపత్రిలాంటి చోట కాన్పు జరిగితే ఆసుపత్రి వాళ్ళే పంపిస్తారు. ఇంట్లో పుట్టిన బిడ్డలకే తిప్పలు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్తుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్ ఒక్కటే ఆధారం కాబట్టి దీన్ని అశ్రద్ధ చేయనివ్వకండి.

అన్నిటికన్నా కష్టం చావు వచ్చినప్పుడు. సెంట్రింగు పనిలో పైనుంచి జారి ఒక కుర్రాడు పోయాడు. కాంట్రాక్టరు మనిషి ఆ రాత్రే వాడకి వచ్చి, భార్య చేతిలో కొంత డబ్బు పెట్టి, ఊరికి తీసుకెళ్ళడానికి బండి మాట్లాడామని, ఒక తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయమన్నాడు. ఆ పిల్లకి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. తెలుగు ముక్క రాదు. వేయొద్దని ఒడియాలో చెప్పి, తెల్లారేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. పోలీసు కేసు, పోస్టుమార్టం కాకుండా శవం కదిలిపోతే ఇక పరిహారం మాట ఉండదు. ‘నీకేటి సంబంధం?’ అని ఆ మనిషి నన్ను చాలాసార్లు అడిగాడు. అప్పుడున్న 1923 నాటి పరిహారం చట్టంలో ఒక మంచి మాట ఉంది. పని చేస్తూ పోయినవాళ్ళ పరిహారం కార్మిక శాఖ కమిషనర్ దగ్గర జమ చేయాలి. యజమాని నేరుగా చేతికిచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. ఆ ఒక్క మాట పట్టుకుని లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగాం. చాలాకాలం పట్టింది. ఆమె రాయగడ నుంచి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే పడుకునేది. చివరికి డబ్బు ఆమె ఖాతాలో పడింది. ఆ ఆఫీసులో గుమస్తా ఒకాయన, పేరు చెప్పను గానీ, మేం వెళ్ళినప్పుడల్లా కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. అలాంటివాళ్ళూ ఉంటారు, వాళ్ళని గుర్తుపెట్టుకోండి.

అన్నం పెట్టడం తప్పని కాదు. 2020 లాక్‌డౌన్‌లో హైవే మీద ఇచ్ఛాపురం వైపు నడిచిపోతున్నవాళ్ళకి మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎందరో అన్నం పెట్టారు. అప్పుడది కావాలి. మే నెలలో వలస కూలీల్ని ఊళ్ళకి చేర్చే శ్రామిక్ రైళ్ళు మొదలయ్యాక మాత్రం పేర్లు రాసి ఆన్‌లైన్‌లో ఎక్కించే చదువుకున్న చేతులు దొరకలేదు.

వాడలోకి పగలు వెళ్తే ముసలివాళ్ళు, చంటిపిల్లలే ఉంటారు. రాత్రి ఏడు దాటాక వెళ్ళండి. ముందు కిరాణా కొట్టు దగ్గర కూర్చోండి. ఎవరు కొత్తగా దిగారో, ఎవరింట్లో కాన్పుందో, ఎవరికి కూలి బాకీ పడిందో అక్కడే తెలుస్తుంది. మేస్త్రీని దాటి నేరుగా కూలి లెక్కలు అడగకండి. మీరు వెళ్ళిపోయాక ఆ కోపం కూలి మీద పడుతుంది. ఫోటోలు అసలు వద్దు. ఫోటో తీసిన మర్నాటి నుంచి ఆడవాళ్ళు మీతో మాట్లాడరు. చైత్ర పండుగకి కొరాపుట్ వాళ్ళు చాలామంది ఊళ్ళకి పోతారు కాబట్టి ఆ రోజుల్లో ఏ పనీ పెట్టుకోకండి.

ఈ-శ్రమ్ కార్డు, అంటే కూలీనాలీ చేసుకునేవాళ్ళ పేర్లు కేంద్ర ప్రభుత్వం నమోదు చేసి ఇచ్చే కార్డు, మీలాంటివాళ్ళు ఫోన్‌లోనే చేసిపెట్టొచ్చు. 16 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకి, పీఎఫ్, ఈఎస్‌ఐ లేనివాళ్ళకి వస్తుంది. ఫోన్‌లో చేయాలంటే ఆధార్‌కి ఫోన్ నెంబరు కలిపి ఉండాలి. సగం మందికి పాత నెంబరు పోయి ఉంటుంది కాబట్టి ముందు ఆధార్ సెంటరు పని పడుతుంది.

దుప్పట్లు ఇప్పటికే కొనేశామంటే, చలికాలంలో ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో ఉండేవాళ్ళకి ఇచ్చేయండి. మొదటి సెలవు మాత్రం సోమవారం పెట్టండి. ఆ రోజు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. పది గంటలకల్లా వరసలో ఉండాలి. అర్జీ ముందు రోజు రాత్రే తెలుగులో రాసి, చదివి వినిపించి, రెండు జిరాక్స్‌లు తీసి ఉంచుకోండి. రసీదు చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.