ఓటు ఊళ్లో, కాపురం బెంగళూరులో

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. ఆరేళ్లుగా మారతహళ్లిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఊళ్లో ఓటు అలాగే ఉంచుకుని ఇక్కడ మరొకటి నమోదు చేయించుకోమని స్నేహితులు అంటున్నారు. ఇల్లూ పొలమూ ఉన్నాయి కనుక ఊరి ఓటు వదులుకోవద్దని నాన్నగారు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ముందుగా స్నేహితుల సలహాను పక్కన పెట్టండి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒక నియోజకవర్గంలోనే, అదీ ఒక్కసారే ఉండాలి. కొత్త ఓటరు నింపే ఫారం 6లో ‘నా పేరు మరెక్కడా లేదు’ అని సంతకం చేయవలసి ఉంటుంది. అది అబద్ధమని తెలిసీ సంతకం చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2024లో బెంగళూరులో ఏప్రిల్ 26న, ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగింది కనుక రెండు చోట్లా వేయవచ్చునని లెక్కలు వేసినవారు ఉండవచ్చు.  మొదటిసారి ఓటేసినప్పుడు వేలికి పెట్టే సిరా ఆ పదిహేడు రోజుల్లో పోతుందని నమ్ముకోవడం తెలివైన పని కాదు.

నాన్నగారి మాటలో ఆప్యాయత ఉంది గానీ, చట్టం అడిగేది ఆస్తి ఎక్కడుందని కాదు, మీరు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారని. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసి కాకుండానూ పోరు. నాలుగు నెలల శిక్షణకు వచ్చినవారైతే ఊరి ఓటే ఉంచుకోమనేవాణ్ణి. ఆరేళ్ల కాపురం అలాంటిది కాదు. వేసవిలో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసేదీ, వానొస్తే మోకాటిలోతు నీళ్లలో ఆఫీసుకు వెళ్లేదీ ఇక్కడే అయినప్పుడు, అడిగే హక్కు కూడా ఇక్కడే ఉండటం న్యాయం.

అందువల్ల మీరు నింపవలసింది ఫారం 6 కాదు, ఫారం 8. చిరునామా మార్పు అని గుర్తుపెట్టి పాత కార్డు నంబరు ఇస్తే, పేరు ఇక్కడికి మారుతుంది, ఊరి జాబితాలోంచి తొలగుతుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ, మీ బూత్ స్థాయి అధికారికి గానీ ఇవ్వవచ్చు. అద్దెకున్నవారు ఎక్కువగా తడబడేది చిరునామా రుజువు దగ్గర. ఇంటి ఓనరు స్టాంపు పేపరు మీద రాసిచ్చే పదకొండు నెలల అగ్రిమెంటు సాధారణంగా రిజిస్టరు కాదు, ఫారం అడిగేది రిజిస్టరైన ఒప్పందాన్ని. కనుక ముందు ఆధార్‌లోనో బ్యాంకు పాస్‌బుక్‌లోనో ఇక్కడి చిరునామా మార్పించుకోండి. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో మార్పులు చేయరు. విచారణకు పట్టే రోజులు కూడా కలుపుకుంటే, ఎన్నికల ప్రకటన వచ్చాక కదిలేవారికి తరచు సమయం చాలదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఫిబ్రవరిలో 18 నిండుతాయి. జనవరి 1 దాటిపోతుంది కనుక ఏడాది ఆగాలా?
– ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: అవసరం లేదు. 18 నిండాయో లేదో చూడటానికి 2022 ఆగస్టు నుంచి జనవరి 1తో పాటు ఏప్రిల్, జూలై, అక్టోబరు 1 తేదీలను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. 17 నిండితే ముందుగానే ఫారం 6 ఇవ్వవచ్చు. మీ అమ్మాయి పేరు ఏప్రిల్ 1 లెక్కలో చేరుతుంది.

ప్రశ్న: ఓటరు కార్డు ఉంది. ఇంకేమైనా చూసుకోవాలా?
– ఒక పాఠకుడు, బి.టి.ఎం. లేఅవుట్

జవాబు: చూసుకోవాలి. కార్డు మీరెవరో చెబుతుందే గానీ ఓటు ఇవ్వదు. ఓటు ఇచ్చేది జాబితాలోని పేరు. కార్డు నంబరుతో వెబ్‌సైట్‌లో వెతకండి. కన్నడ జాబితాయే చేతికొచ్చినా తెలుగు చదివేవారికి ఆ అక్షరాలు కొరుకుడు పడనివేమీ కావు. పేరు లేకపోతే ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేసి కారణం తెలుసుకుని, తొలగించి ఉంటే ఫారం 6 మళ్లీ ఇవ్వండి.