పరికియాలో ఒక్క పూట

ప్రశ్న: గ్రీసులోని పారోస్ దీవికి వెళ్తున్నాం. పరికియా ఊళ్లో ఒక్క పూటే ఉంటాం. మ్యూజియం, పాత చర్చి రెండూ చూడగలమా? చర్చిలో ఏ పద్ధతులు పాటించాలి?

జవాబు: నిశ్చింతగా చూడొచ్చు. ఎకటోంటాపిలియాని చర్చి రేవు నుంచి నడిచి వెళ్లేంత దూరమే, పురావస్తు మ్యూజియం దాని వెనకే. చర్చితోనే మొదలుపెట్టండి, మధ్యాహ్నం మూసే అవకాశం ఉంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. గుమ్మం దగ్గర పెట్టెలో నాణెం వేసి, కొవ్వొత్తి వెలిగించి ఇసుకలో గుచ్చవచ్చు. ఏ మతం వారైనా ఫర్వాలేదు. బలిపీఠానికి ముందు పవిత్ర పటాలతో అడ్డుగోడలా ఉండే తెర వెనక్కి మాత్రం వెళ్లకూడదు. ప్రార్థన జరుగుతుంటే ఫొటోలు మానండి.

చాలామంది ప్రధాన మందిరం చూసి తిరిగొచ్చేస్తారు. అలా చేయకండి. దక్షిణాన ఉన్న జ్ఞానస్నాన గదిలో, నేలలోకి దించి కట్టిన శిలువ ఆకారపు తొట్టి ఉంది. పెద్దవాళ్లు అందులోకి దిగి మునిగేవారు. ఆ రోజుల్లో బాప్తిస్మం పసిపిల్లలకే పరిమితం కాదని ఆ లోతు చూస్తే తెలుస్తుంది.

మ్యూజియంలో పారియన్ క్రానికల్ అనే పాలరాతి శాసనపు ముక్కను వెతకండి. క్రీ.పూ. 336 నుంచి 299 వరకు జరిగిన సంఘటనలు ఏడాదివారీగా చెక్కారు. ఇంకో భాగం ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. అక్షరాలు చాలా చిన్నవి, పక్కనుంచి వెలుతురు పడే వైపు నిలబడితే గీతలు తేలతాయి.

గ్రీసు ప్రభుత్వ మ్యూజియాలు చాలావరకు మంగళవారం మూస్తారు. ఆగస్టు 15 మరియమ్మ పండుగ నాడు చర్చి కిక్కిరిసిపోతుంది, తీరిగ్గా చూడాలంటే ఆ రోజు వద్దు.