సందేహాలు – సమాధానాలు: స్థిర తరంగం అస్థిరం అవుతుందా?

సందేహం: వివిక్త జాలకాల (విడివిడి బిందువుల గొలుసుల్లాంటి వాటి) మీది అరేఖీయ సమీకరణాల (కారణం పెరిగిన నిష్పత్తిలోనే ఫలితం పెరగని వాటి) గురించి వ్యాసం రాస్తూ ‘ఈ స్థిర తరంగం అస్థిరం’ అన్నాను. చదివినవాళ్లంతా ఇదేం వాక్యమని అడుగుతున్నారు. తప్పు ఎక్కడుంది? – ఒక పరిశోధక విద్యార్థి

సమాధానం: వ్యాకరణంలోనూ తప్పు లేదు, ఫిజిక్స్‌లోనూ లేదు. చిక్కంతా ‘స్థిర’తోనే. ఇంటర్‌లో ‘స్థిర తరంగాలు’ అని చదువుకున్నాం. అక్కడ స్థిర అంటే ముందుకు సాగనిది, పురోగామికి ఎదురుమాట. ‘స్థిర సమతాస్థితి’ దగ్గరికి వచ్చేసరికి అదే మాటకు, కదిపినా మళ్లీ పాత చోటికే చేరేది అని అర్థం. (మా వ్యాకరణంవాళ్లకు మూడో స్థిరం కూడా ఉంది: పరుషాలు, సరళాలు పోగా మిగిలిన హల్లులు.) మీ వాక్యంలో మొదటి రెండూ ఎదురెదురుపడ్డాయి.

మీ విషయానికి ఈ తేడాయే ప్రాణం. అలాంటి బిందువుల గొలుసు మీద తరంగం ఎలా మారుతుందో చెప్పే వివిక్త అరేఖీయ ష్రోడింగర్ సమీకరణాన్నే చూడండి. తరంగాన్ని ఒకచోటికి కూడదీసే రకం అరేఖీయత ఉన్నప్పుడు, గొలుసులోని ఒక బిందువు మీదే శిఖరం ఉన్న తరంగం ఒకటి వస్తుంది. పక్కపక్క బిందువులు రెండూ సమానమైన ఎత్తులో, ఒకే దశలో (కలిసి ఒకే తీరున ఊగుతూ) ఉండి, నడిమధ్య శిఖరం ఉన్నది ఇంకొకటి. రెండూ ఆకారం చెడకుండా ఉన్నచోటే ఉంటాయి. కాస్త కదిపితే మొదటిది తట్టుకుంటుంది. రెండోది గ్రహణం వేళ పళ్లెంలో నిలబెట్టిన రోకలి లాంటిది, వేలు తగిలితే ఒరిగిపోతుంది. తరంగం ఒక బిందువు నుంచి పక్కదానికి జరగాలంటే ఈ రెండో ఆకారం మీదుగానే పోవాలి. అందుకే ఈ రెండింటి శక్తుల మధ్య తేడాను పైయర్ల్స్–నబారో అవరోధం, అంటే దాటాల్సిన అడ్డు, అంటారు. గణితజ్ఞులు అబ్లోవిట్జ్, లాడిక్ 1970లలో ఇచ్చిన సమీకరణంలో ఆ అడ్డు లేదు, తరంగం బిందువులన్నీ దాటుకుంటూ హాయిగా సాగిపోగలదు. ఇంత చక్కటి సంగతిని పాఠకుడు ఒక్క మాట దగ్గర తడబడి వదిలేస్తే ఎంత నష్టం!

‘స్థిర తరంగం’ అందరికీ అలవాటైన మాట, దాన్ని కదపకండి. రెండో అర్థానికి ‘నిలకడ’ వాడండి. ‘రోగి పరిస్థితి నిలకడగా ఉంది’ అని రోజూ పేపర్లో చదివేదే కదా. అయితే ‘గోదావరి నీటిమట్టం నిలకడగా ఉంది’ అన్నప్పుడు మారకుండా ఉందనే అర్థం. అందుకని నిలకడ అంటే కదిపినా తట్టుకునే గుణమని వ్యాసం మొదట్లోనే ఒకసారి చెప్పేయండి. ఆ తర్వాత ‘నడుమ శిఖరమున్న స్థిర తరంగానికి నిలకడ లేదు’ అని రాస్తే ఎవరూ ఆగిపోరు. ‘సుస్థిర’ మాత్రం వద్దు. ‘సుస్థిర అభివృద్ధి’ వచ్చాక ఆ మాటను జనం వేరే అర్థంలో చదువుతున్నారు.