కటింగ్ దాచుకోవద్దు, అమ్మాయీ

గుంటూరు, బ్రాడీపేట

చి. ల. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో చెప్పిన మాట నాలుగు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. విజయవాడ సింగ్‌నగర్‌లో మీ కింద పోర్షన్ ఖాళీ అయిందనీ, వీధిలో మిషన్లున్న ఆడవాళ్ళనీ, నేర్చుకోవాలనుకునే పిల్లల్నీ పోగుచేసి వారానికి రెండు మధ్యాహ్నాలు కుట్టు క్లాసులు పెడతాననీ అన్నావు. ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతాను. విజయవాడ వన్‌టౌన్‌లో ముప్పై అయిదేళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని, నాకు తెలిసింది కాగితం మీద పెడుతున్నాను. దగ్గర పెట్టుకో.

ముందుగా అన్నిటికంటే ముఖ్యమైనది. నేను పని నేర్చుకున్న కొట్టులో మాస్టారు కటింగ్ మొదలుపెట్టే వేళకి ఆడపిల్లలం ఎవ్వరం బల్ల దగ్గర ఉండకూడదు. టీ తెమ్మనో, బటన్లు తెమ్మనో పంపేసేవారు. తిరిగొచ్చేసరికి ముక్కలు మడిచి కట్ట కట్టి ఉండేవి. మూడేళ్ళపాటు హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ తప్ప ఇంకేమీ చేయలేదు. కుట్టు వచ్చింది గానీ గుడ్డ మీద సుద్ద పెట్టాలంటే చేయి వణికేది. చివరికి కటింగ్ నేర్చుకున్నది ఎలాగంటే, మా అమ్మ పాత జాకెట్టు ఒకటి తీసుకుని కుట్లన్నీ విప్పేసి, ఇస్త్రీ చేసి, ఒక్కో ముక్కా పేపరు మీద పరిచి చుట్టూ గీత గీసుకున్నాను. ఆ రాత్రే నాకు చంక దగ్గర వంపు ఎందుకు అలా ఉంటుందో అర్థమైంది. నీ క్లాసులో ఎవరూ కటింగ్ దాచుకోకూడదు, ఎవరినీ బల్ల దగ్గర నుంచి పంపేయకూడదు. మిగతా సలహాల్లో దేన్నైనా నీ వీలుని బట్టి మార్చుకో, దీన్ని మాత్రం మార్చకు.

అందుకే మొదటి రోజు మిషన్ ఎక్కించకు. ప్రతి ఒక్కరినీ ఇంట్లో పనికిరాని పాత జాకెట్టు ఒకటి తెచ్చుకోమను. బ్లేడుతో తొందరపడి చించకుండా, ఒక్కో కుట్టూ నెమ్మదిగా విప్పించు. వీపు ముక్క, ముందు ముక్కలు, చేతులు, నడుం పట్టీ, హుక్కుల పట్టీ, మెడకి వేసిన క్రాస్ పట్టీ, అన్నీ వరసగా పరిపించు. నిలువు పోగు పడుగు ఏది, అడ్డ పోగు పేక ఏది, చేత్తో లాగి చూడమను. నిలువుగా లాగితే గుడ్డ సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. ముందు భాగం క్రాస్‌లో, అంటే ఐమూలగా, కోస్తే ఒంటికి ఎందుకు పట్టి ఉంటుందో నువ్వు గంటసేపు చెప్పినా తలకెక్కదు, ఒక్కసారి లాగి చూస్తే ఎక్కుతుంది. టక్కు, అంటే గుడ్డని మడిచి వేసిన కుట్టు, విప్పి చూస్తే చదును గుడ్డకి గుండ్రం ఎలా వచ్చిందో తెలుస్తుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో పేపరు మీద గీసుకున్న సొంత నమూనా ఉండాలి.

రెండో రోజు నుంచి మిషన్. దారం లేకుండా రూళ్ళ కాగితం మీద కుట్టించు. ముందు నిలువు గీతలు, తర్వాత చతురస్రం, ఆ తర్వాత నత్తగుల్ల చుట్టు. మూల దగ్గర సూది గుడ్డలో దిగి ఉండగానే పాదం ఎత్తి తిప్పడం అలవాటు కావాలి. కాగితానికి సూది మొద్దుబారుతుంది కాబట్టి పాత సూది పెట్టు. కొత్తవాళ్ళకి కాలి మిషనే మంచిది. పవర్ మిషన్ మీద మొదటిసారి కాలు పెట్టిన పిల్ల, గుడ్డ పరిగెత్తేసరికి వేలు లాక్కోవడం మరిచిపోతుంది. అలా సూది గోటిలో దిగిన వేళ్ళు నేను చూశాను. నెల గడిచాక మోటారు మీదకి రానీ.

కొలతల దగ్గర ఎక్కువ సమయం తీసుకో. మన వైపు అందరికీ ఆది జాకెట్టు అలవాటు. ఆది తెస్తే దాని మీద పెట్టి కోసేస్తాం. కానీ ఆ ఆది జాకెట్టు మూడేళ్ళనాటిది, ఉతికి ఉతికి సాగిందో, బిగిసిందో, ఈలోగా మనిషి ఒళ్ళు చేసిందో! ఆది చూసుకోవచ్చు, తప్పు లేదు, కానీ ఒంటి కొలత తీయడం రాకపోతే ఎప్పటికీ ఇంకొకరి కటింగ్‌నే మళ్ళీ మళ్ళీ దించుతూ ఉంటాం. తలుపు వేసి, ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరి కొలతలు ఒకరిని తీయమను. పొడవు, ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చేయి లూజు, మెడ లోతు ముందూ వెనకా. ఒకే మనిషిని ముగ్గురు కొలిస్తే మూడు అంకెలు వస్తాయి. ఎందుకు వచ్చాయో వాళ్ళే మాట్లాడుకోనీ. టేపు బిగించారా, ఊపిరి పట్టారా, చేయి పైకెత్తారా, అన్నీ బయటపడతాయి. ఛాతీ 36 అంగుళాలు ఉంటే నాలుగో వంతు 9, దానికి కుట్టుకీ, రేపు వదులు చేసుకోవడానికీ కలిపి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. ఈ లెక్క నోటికి వచ్చేదాకా కత్తెర ముట్టనివ్వకు. చదువు రాని వాళ్ళుంటే కంగారుపడకు. అంకె రాకపోయినా టేపుని రెండుసార్లు మడిస్తే నాలుగో వంతు వచ్చేస్తుంది.

అన్నీ నువ్వే నేర్పాలనుకోకు. మీ వీధిలోనే ఒకావిడకి పంజాబీ డ్రెస్సు ప్యాంటు బాగా వస్తుంది, ఇంకొకరు పరికిణీ కుచ్చులు అచ్చు గుద్దినట్టు పెడతారు, షర్టు కాలర్ మీద చేయి తిరిగిన పెద్దాయన కూడా ఉండే ఉంటారు. ఒక్కొక్కరూ ఒక్కో మధ్యాహ్నం వచ్చి తమకి వచ్చిన ఒక్క పని చూపిస్తే చాలు. వాళ్ళు మొదట వెనకాడతారు. నేర్పితే నా బేరం పోతుందేమోనని భయం. ఆ భయాన్ని చులకన చేయకు, అది వాళ్ళ అన్నం సంగతి. నా దగ్గర నేర్చుకున్న వాళ్ళలో ఇద్దరు మా సందులోనే మిషన్ పెట్టారని చెప్పు. శ్రావణంలో నా చేతికి మించిన జాకెట్లు వాళ్ళకి పంపేదాన్ని. నాకు కళ్ళ ఆపరేషన్ అయిన నెల నా ఖాతాదారుల పనంతా వాళ్ళే చేసి, డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఏడాదిలో ఏ నెల ఏం చేయాలో పంచాంగం ముందు పెట్టుకుని చూడు. పెళ్ళి ముహూర్తాలున్న రోజుల్లో పని తెలిసినవాళ్ళు ఒక్కరూ రారు. అలాగే శ్రావణ మాసం, దసరా, సంక్రాంతి ముందు. దసరా నవరాత్రులకి మన బెజవాడలో కుట్టు పని ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఆషాఢం, సంక్రాంతి వెళ్ళాక మిగిలిన పుష్యం, మూఢం రోజులు మన క్లాసులవి. ఎండాకాలం సెలవుల్లో ఆడపిల్లలు వస్తారు గానీ మే నెలలో విజయవాడ మధ్యాహ్నాలు కూర్చోనివ్వవు. అప్పుడు పొద్దున ఏడు నుంచి తొమ్మిది పెట్టు. జూన్‌లో బడులు తెరిచే ముందు యూనిఫాం పని వస్తుంది, అది గుంపుగా చేయడానికి బాగుంటుంది. ఒకరు కాలర్లు, ఒకరు జేబులు, ఒకరు కాజాలు. కానీ మీ చేయి ఎంత వేగమో తెలియకుండా తేదీ ఒప్పుకోకు.

మిషన్లు ఆరు ఉంటే పన్నెండు మందికి సరిపోతాయి. ఒకరు కుడుతుంటే పక్కన ఒకరు చూస్తూ ఉంటారు, చూడటంలోనే సగం వస్తుంది. కొత్తవి కొనకు. వెలుగు ఎడమ పక్క నుంచి పడేలా వెయ్యి. ఫీజు అసలు లేకుండా చేయకు. నెలకి రెండు వందలైనా తీసుకో, ఇవ్వలేని వాళ్ళని విడిగా పిలిచి ఫీజు వద్దని చెప్పు. ఎవరు ఇవ్వడం లేదో మూడో మనిషికి తెలియకూడదు. లెక్క మాత్రం పుస్తకంలో రాసి గోడకి వేలాడదీయి.

నెలకొక రోజు మిషన్ రోజు అని పెట్టు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మీ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు, నీళ్ళు తగ్గాక నేను వచ్చాను కదా. బియ్యం, బట్టలు పోయినందుకు ఏడవని ఆడవాళ్ళు, బురద పట్టిన మిషన్ చక్రం తిరగకపోయేసరికి గడపలో కూర్చుని ఏడ్చారు. ఆ వారం చాలామంది చేసిన తప్పు, తొందరలో చక్రాన్ని బలవంతంగా తిప్పడం. లోపల ఇసుక రాసుకుని కొన్ని పాడయ్యాయి. మంచి నీళ్ళతో బురద కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టి, కీళ్ళన్నిటిలో కిరసనాయిలు పోసి మురికి కారిపోనిచ్చి, దాన్ని తుడిచేశాక మిషన్ ఆయిల్ వేసి నెమ్మదిగా తిప్పినవి మళ్ళీ నడిచాయి. మోటారు మాత్రం తడిసిందంటే మెకానిక్ చూసేదాకా ప్లగ్గు పెట్టకూడదు. ఇవన్నీ అప్పుడు వీధిలో ఒకరిద్దరికే తెలుసు. అందరికీ తెలిసి ఉంటే ఇంకా కొన్ని బతికేవి.

అందుకే మిషన్ రోజున అందరూ కలిసి, గుడ్డని ముందుకి నెట్టే పళ్ళ కింద పేరుకున్న నూగు బ్రష్షుతో తీయాలి, షటిల్ విప్పి తుడవాలి, నూనె చుక్కలు వేసి పాత గుడ్డ మీద నడిపి చూడాలి. కింది దారం ఉండే బాబిన్ కేసుని దారం పట్టుకుని వేలాడదీస్తే జారిపోకూడదు, కదలకుండానూ ఉండకూడదు, చిన్నగా ఊపితే కొంచెం కొంచెంగా దిగాలి. కింద కుట్టు వదులొచ్చిందంటే పై దారం టెన్షన్, అంటే బిగువు, చూడాలి, పై కుట్టు ఉచ్చులు పడితే కింద చూడాలి. మామూలు కాటన్‌కి 14 నంబరు సూది, పల్చటి జార్జెట్‌కి 11, జీన్సుకి 16 గానీ 18 గానీ. ఇంత తెలిస్తే చాలావరకు రిపేరుకి ఇచ్చే డబ్బు ఇంట్లోనే ఉంటుంది.

ఒకరోజు అందరినీ బట్టల మార్కెట్ వస్త్రలతకి తీసుకెళ్ళు. కొనడానికి కాదు, గుడ్డ పట్టుకు చూడటానికి. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడగడం, లైనింగ్ చేత్తో నలిపి చూడటం, రంగు ఎండలోకి తెచ్చి చూడటం నేర్పు. తిరిగొచ్చాక ముక్కల నుంచి ఒక్కో పోగు లాగి కాల్చి చూపించు, పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని. నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. మంగళగిరి కాటన్ గానీ, జాకెట్టు లైనింగ్ గానీ కోసే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేయాలని ఆ రోజే చెప్పు. నానబెట్టని లైనింగ్ మొదటి ఉతుకుకే ముడుచుకుని పై గుడ్డని లాగేస్తుంది. నేను ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు అలాగే పాడుచేశాను. ఆ గుడ్డ డబ్బు ఇచ్చాను గానీ ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఆ మాట మీదే ఒక నియమం. మొదటి మూడు నెలలు క్లాసులోకి బయటివాళ్ళ గుడ్డ రాకూడదు. అన్నీ సొంత గుడ్డలే, అందులోనూ మొదటిది పాత చీర ముక్క. కానీ మొదలుపెట్టిన ప్రతిదీ పూర్తి కావాలి, వేసుకోవాలి. సగం కుట్టిన జాకెట్టు సంచిలో ఉన్న మనిషి మూడోవారం రావడం మానేస్తుంది. హుక్కులు కుట్టే ఓపిక లేకపోతే పక్కవాళ్ళు కుట్టిపెట్టనీ. తనే కోసి, తనే కుట్టిన జాకెట్టు వేసుకుని క్లాసుకి వచ్చిన రోజు ఆ మనిషి నడక చూడు.

మగ్గం వర్క్ నేర్పమని మొదటి వారమే అడుగుతారు. ఇప్పుడు వద్దు. అది వేరే చేతి పని, కటింగ్ రాకుండా దానికి వెళ్తే మళ్ళీ ఇంకొకరు కోసిన గుడ్డ మీదే ఆధారపడాలి. పోటీలు, బహుమతులు కూడా మొదటి ఏడాది వద్దు. అవి చేయి తిరిగిన వాళ్ళకే వెళ్తాయి, కొత్తవాళ్ళు ముడుచుకుపోతారు. దానికి బదులు కలిసి ఒక బొంత కుట్టండి. పాత చీరలు తలా ఒకటి తెస్తారు, చుట్టూ కూర్చుని పరుగు కుట్టు వేస్తారు, కష్టం సుఖం చెప్పుకుంటారు. క్లాసులో నోరు విప్పని పిల్ల బొంత దగ్గర మాట్లాడుతుంది.

పీఎం విశ్వకర్మ గురించి అడిగావు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 వరకు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు అని నియమం. ఇంటికి ఒక్కరికే. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీ వార్డు సచివాలయంలో అడుగు. మధ్యలో ఎవరైనా డబ్బు తీసుకుని చేయిస్తామంటే ఇవ్వొద్దని అందరికీ గట్టిగా చెప్పు. అప్పు మాత్రం నెలనెలా పని వస్తోందని పుస్తకంలో కనబడ్డాకే.

వచ్చే గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. మొదటి క్లాసుకి నేనూ ఒక పాత జాకెట్టు తెచ్చుకుంటాను, అందరితో పాటే కూర్చుని విప్పుతాను. నా పెద్ద కత్తెర కూడా తెస్తున్నాను, అది ఇక నీ బల్ల మీదే ఉంటుంది. పదును పెట్టించాను. పేపరు నమూనాలు కోయడానికి వేరే కత్తెర ఒకటి కొని ఉంచు, దీంతో కాగితం కోయనివ్వకు.

పిల్లలకి ముద్దులు.

మీ అత్తయ్య