పాత ఇల్లు కొన్నాక బయటపడ్డ లోపాలు, ఓనరు వదిలేసిన సామాను: మా అనుభవం

కాకినాడలో పాతికేళ్ళ నాటి ఇల్లు కొన్నామని, తొలి వానకే హాలు పైకప్పు చెమ్మగిల్లి పుట్టీ పొంగిందని, అటకలూ మేడమీద గదీ పాత ఓనరు సామానుతో నిండి ఉన్నాయని, ఆయన ఫోన్ ఎత్తడం లేదని రాశారు. సామాను పారేయొచ్చా, రిపేరు డబ్బులు ఆయన దగ్గర రాబట్టగలమా అని అడిగారు. విశాఖ ఎంవీపీ కాలనీలో మేం కొన్న ఇంట్లో ఈ రెండూ పడ్డాం కాబట్టి చెబుతున్నాను. సామాను ఇప్పుడే పారేయకండి. డబ్బుల సంగతి మాత్రం, ఆ లోపం ఆయనకు ముందే తెలుసని మీరు ఎంతవరకు చూపించగలరన్న దాన్ని బట్టే ఉంటుంది. ఇల్లు పాతదైనందుకు వచ్చే రిపేర్లకు ఎవరూ పైసా ఇవ్వరు. తెలిసీ మూసిపెట్టిన దానికే అడిగే హక్కు.

మా ఇంట్లో రెండు బెడ్‌రూములకే కొత్త జిప్సం సీలింగ్, ఎల్‌ఈడీ లైట్లతో సహా. మిగతా ఇల్లంతా మామూలు సున్నమే. ఫ్యాను ఊగుతోందని హుక్కు చూడటానికి ఎలక్ట్రీషియన్ ఒక బోర్డు విప్పితే పైనుంచి పిడికెడు ఇసుక, తుప్పు పొట్టు రాలాయి. టార్చి వేసి చూస్తే శ్లాబు అడుగున పెచ్చులు ఊడిపోయి రాడ్లు బయటికి కనిపిస్తున్నాయి. వాటి మీద రెడ్ ఆక్సైడ్, అంటే ఇనుముకు తుప్పు పట్టకుండా కొట్టే ఎర్ర రంగు, పూసి ఉంది. అంటే ఎవరో నిచ్చెనెక్కి, చూసి, బ్రష్షుతో రంగు కొట్టి, ఆ తర్వాతే సీలింగ్ మూయించారన్నమాట. విప్పిన బోర్డు తిప్పి చూస్తే వెనక తయారీ తేదీ అచ్చువేసి ఉంది. మాకు ఇల్లు చూపించడానికి కాస్త ముందు నెలలదే. ఆ తేదీకి తీసిన ఫోటో తర్వాత లాయరు ముందు పనికొచ్చినంతగా ఇంకేదీ పనికిరాలేదు.

సముద్రం పక్కన ఊళ్ళలో ఈ జబ్బు మామూలే. గాలిలోని ఉప్పు చెమ్మతో పాటు కాంక్రీటులోకి దిగుతుంది. లోపల ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి నుంచే కాంక్రీటును తోసి పెచ్చులు ఊడగొడుతుంది. కట్టేటప్పుడు రాడ్ల కింద కవరు, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం, సరిగా వదలకపోయినా, ఉప్పునీటి బోరుతో కలిపి కట్టినా ఇంకా తొందరగా వస్తుంది. కాకినాడలో పాతికేళ్ళ ఇల్లంటే మీ చెమ్మను కూడా నేను ముందు ఈ అనుమానంతోనే చూస్తాను.

కానీ చెమ్మంతా ఒకటి కాదు. వాన పడ్డప్పుడే వచ్చి ఎండ కాస్తే ఆరిపోతుంటే డాబా మీద పగులో, వాననీటి గొట్టం మూలో కారణం. ఎండాకాలంలోనూ ఆరకపోతే పైన బాత్రూంలో నీళ్ళు పోయే నహాని ట్రాపో, గోడలో పైపో కారుతున్నట్టు. నేల నుంచి మోకాలెత్తు దాకా గోడ ఉప్పు పొంగి రాలుతుంటే అది భూమిలోంచి వచ్చే తడి, డాబాకు ఎంత వాటర్ ప్రూఫింగ్ చేయించినా పోదు. కాంట్రాక్టర్లు చాలామంది ఇవేవీ తేల్చకుండానే డాబాకు కెమికల్ కోటింగ్ కొటేషన్ ఇచ్చేస్తారు. అదొక్కటే వాళ్ళ దగ్గరుండే మందు. ఇంకొకటి, డాబా మీద నీళ్ళు కట్టి చూద్దామని మేస్త్రి అంటే, కింద శ్లాబు పరిస్థితి తెలిసేదాకా ఒప్పుకోకండి. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీళ్ళు నిలిస్తే రెండు టన్నుల పైనే బరువు. రాడ్లు తినేసిన శ్లాబు మీద ఆ పరీక్ష చేయకూడదు.

కాబట్టి ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించండి. మేస్త్రి వేరు, ఈయన వేరు. బ్యాంకు లోను కోసం వచ్చిన వాల్యూయర్ ఇల్లు చూశాడు కదా అనుకోకండి, ఆయన చూసేది ఇంటి విలువ ఎంతన్నదే. ఇంజనీరు సుత్తితో కొట్టి డొల్ల శబ్దం ఎక్కడెక్కడ వస్తోందో గీత గీస్తాడు, రీబౌండ్ హామర్‌తో కాంక్రీటు గట్టితనం చూస్తాడు, రాడ్డు ఎంత సన్నబడిందో కొలుస్తాడు. ఆ రిపోర్టు సంతకం, తేదీతో కాగితం మీద తీసుకోండి. డొల్ల ఎక్కువగా ఉంటే ఆ గదిలో పడుకోవడం మానేసి, కింద సపోర్టులు పెట్టించండి. మాకు సరుగుడు పోట్లు పెట్టారు, చాలాకాలం ఆ గదిలో తోటలో తిరిగినట్టే తిరిగాం.

రిపేరు ఎలా చేయాలన్నది కూడా తెలిసి ఉండాలి, లేకపోతే మళ్ళీ సిమెంటు పులిమి వెళ్ళిపోతారు. కదిలే కాంక్రీటంతా రాడ్డు వెనక దాకా చెక్కాలి, తుప్పు వైరు బ్రష్షుతో గీకాలి, రాడ్డుకు తుప్పు పట్టనివ్వని కోటింగు వేయాలి, బాగా సన్నబడిన చోట కొత్త రాడ్డు జతచేయాలి, ఆపైన పాలిమర్ మోర్టారో మైక్రో కాంక్రీటో పట్టించాలి. పాత కాంక్రీటుకు, కొత్తదానికి మధ్య బాండింగ్ కోటు వేయకపోతే రెండు వానాకాలాల్లో ముక్క ముక్కగా ఊడొస్తుంది.

పని మొదలుపెట్టే ముందే ఫోటోలు, వీడియో. ఇదొక్కటి మాత్రం తొందరపడి వదిలేయకండి. కొత్తగా పూసిన చోట రంగు తేడా, పుట్టీ కింద పాత మరక, టైలు కింద ఇంకో టైలు, వాటి పక్కన స్కేలు పెట్టి తీయండి. రాలిన పెచ్చులు కొన్ని కవరులో దాచండి. పక్కింటివాళ్ళను మాటల్లో అడగండి. పాత ఇంటి కథ వాళ్ళకే ఎక్కువ తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు మా ఇంటి కిటికీ చట్రాలు పీక్కుపోయి మళ్ళీ బిగించారన్న సంగతి ఓనరు చెప్పలేదు, ఎదురింటి మామ్మగారు చెప్పారు. సీలింగ్ వేసినవాడు, ప్లంబరు ఆ కాలనీవాళ్ళే అయితే వాళ్ళు ఏం చూసి ఏం మూశారో చెప్పేస్తారు, వాళ్ళకు దాచాల్సిన అవసరం లేదు.

ఇక చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 55 మీకు ఆధారం. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కిందే లెక్క అని ఆ సెక్షన్ చివర ఉంది. కాగితాల్లో దీనికి విరుద్ధంగా ఏదైనా రాసుకున్నారేమో మాత్రం చూసుకోండి. సేల్ అగ్రిమెంటు, డీడ్ రెండూ లాయరుకు చూపించండి. దావా వేయడానికి మామూలుగా మూడేళ్ళ గడువు, మోసం జరిగితే అది బయటపడిన నాటి నుంచి లెక్క. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఇది సివిల్ వ్యవహారం అని పంపేస్తారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళమని కొందరు చెబుతారు, మామూలు మనిషి తన సొంతిల్లు అమ్మిన కేసుల్లో అది నిలవదు. ఇళ్ళ ప్రాజెక్టుల కోసం వచ్చిన రెరా చట్టంలో ఐదేళ్ళ నిర్మాణ లోపాల హామీ ఉన్నా, అది బిల్డర్ల దగ్గర కొన్న ఇళ్ళకే. మీకు పనికిరాదు.

కోర్టుకన్నా ముందు లాయర్ నోటీసు, అదీ కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసు, అంటే దావా వేయకముందే రాజీ కోసం పెట్టేది. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని లోక్ అదాలత్‌లో సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం. రిపేరు ఖర్చు లక్షల్లో లేకపోతే సివిల్ దావా వేయమని నేనైతే చెప్పను. వాయిదాలకు తిరిగే టెన్షన్‌కు ఆ డబ్బు సరిపోదు.

సామాను దగ్గరికి వద్దాం. అదే చట్టం సెక్షన్ 8 ప్రకారం ఇంటితో పాటు తాళాలు, తలుపులు, కిటికీలు, శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చినవన్నీ కొన్నవాళ్ళవే. బీరువా, ట్రంకు పెట్టె లాంటివి మీవి కావు, ఆయన వదిలేశానని చెప్పేదాకా. అందుకే ముందు ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళను పెట్టుకుని గది గదీ వీడియో తీసి, లిస్టు రాయండి. తర్వాత ఆ లిస్టుతోనే వాట్సాప్‌లో, పోస్టులో కూడా పంపండి. ఫలానా తేదీలోగా తీసుకెళ్ళండి, లేకపోతే తీయించి ఆ ఖర్చు మీ లెక్కలో రాస్తాం అని. పదిహేను రోజులు ఇస్తే చాలు. ఫోన్ ఎత్తనివాళ్ళు కూడా మెసేజ్ చదువుతారు.

ట్రంకు పెట్టెల్లో కాగితాలు ఉంటే విడిగా ఒక సంచిలో పెట్టండి. మా అటక మీద పెట్టెలో వాళ్ళ పిల్లల మార్కుల లిస్టులు, ఎల్‌ఐసీ బాండ్లు, వేరే ఊళ్ళో స్థలం దస్తావేజు కూడా దొరికాయి. రిపేరు డబ్బులిస్తేనే దస్తావేజు ఇస్తామని బేరం పెట్టమని మా బంధువు ఒకాయన సలహా. అలా చేస్తే న్యాయం మన వైపు ఉన్నదల్లా ఆయన వైపు వెళ్ళిపోతుంది. సంతకం పెట్టించుకుని ఇచ్చేశాం. తీసుకోవడానికి ఆయన రాలేదు, వాళ్ళ అక్కగారిని పంపించాడు. వాళ్ళ నాన్నగారి ఫోటో కూడా అక్కడే ఉంది, ఆవిడ పైటకొంగుతో దుమ్ము తుడుచుకుని, విప్పి ఉన్న సీలింగ్ చూసి, “అయ్యో, మళ్ళీ ఊడిందామ్మా? మా అమ్మ మంచం మీద పెచ్చు పడ్డాకే కదా ఈ సీలింగ్ వేయించాం” అంది. పని చేస్తున్న మేస్త్రి, మావారు అక్కడే ఉన్నారు. ఆ మాట, బోర్డు మీద తేదీ, ఇంజనీరు రిపోర్టు కలిపి లాయర్ నోటీసు పంపిస్తే పాత ఓనరు మాట్లాడటానికి వచ్చాడు. శ్లాబు రిపేరుకు అయిన దాంట్లో సగానికి కాస్త తక్కువ ఇచ్చాడు. కిటికీలకు ఏమీ ఇవ్వలేదు, మేమూ పట్టుపట్టలేదు.

గడువు దాటాక మిగిలినవాటిలో పాత ఇనుము, పేపర్లు పాత సామానువాడికి. ఇన్వర్టర్ బ్యాటరీ చెత్తలో వేయకండి, కొత్తది కొంటే షాపువాడు పాతది తీసుకుంటాడు. గ్యాస్ సిలిండర్ ఉంటే అమ్మకండి, అది ఆయిల్ కంపెనీ ఆస్తి, కనెక్షన్ ఆయన పేరు మీద ఉంటుంది, ఆయన చేతే సరెండర్ చేయించాలి. పెయింటు డబ్బాలు, చెదల మందు సీసాలు కాలవలో ఒంపకుండా విడిగా కట్టి మున్సిపాలిటీ చెత్త బండివాళ్ళకు చెప్పి ఇవ్వాలి. మేడమీద గదికి పాత సిమెంటు రేకులు ఉంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. సుత్తితో పగలగొట్టి మూట కట్టొద్దు, తడిపి, నిండు రేకులుగానే దించమనండి, పనివాళ్ళకు మాస్కులు ఇవ్వండి.

అన్నిటికన్నా దేవుడి పటాల దగ్గర ఆగిపోయాం. రావిచెట్టు కింద పెట్టమని ఒకరు, సముద్రంలో కలిపేయమని ఇంకొకరు. అద్దాలు, చట్రాలు విప్పేసి స్క్రాపుకు ఇచ్చి, కాగితాలు మాత్రం తులసికోట మట్టిలో కలిపేశాం. మా అత్తగారు కూడా ఒప్పుకున్నారు.

బిల్లులు కూడా చూసుకోండి. ఈసీలో (రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తనఖాలు, రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, కరెంటు, నీళ్ళు, ఇంటి పన్ను బకాయిలు కనిపించవు. రిజిస్ట్రేషన్ నాటికి ఉన్న పన్నులు అమ్మినవాడే కట్టాలన్నది కూడా సెక్షన్ 55లోనే ఉంది. కానీ మున్సిపాలిటీకి ఆ గొడవ పట్టదు, ఇల్లు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళనే అడుగుతుంది. పాత ఓనరు కరెంటు బకాయి కట్టాకే కొత్త కనెక్షన్ ఇస్తామని నిబంధన పెట్టుకోవచ్చని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బకాయిలుంటే కట్టేసి రసీదులు నోటీసుకు జతచేయండి, అవి వాదన లేకుండా వసూలయ్యే డబ్బు. సర్వీసు, పన్ను మీ పేరుకు మార్పించేది కూడా ఈ నెలలోనే చేసేయండి.

మీ డీడ్‌లో స్వాధీనం ఇచ్చిన తేదీ ఏం రాశారో, “ఉన్నది ఉన్నట్టుగా” లాంటి మాట ఎక్కడైనా ఉందో లేదో కింద రాయండి. చెమ్మ వచ్చిన చోట పైన డాబా ఉందా, బాత్రూం ఉందా అన్నది కూడా చెబితే ముందు ఇంజనీరుని పిలవాలో ప్లంబరుని పిలవాలో చెప్పగలను.