కంట్రీ సింగర్ అవుతా, యాక్టింగ్ కూడా చేస్తా అంటున్న అమ్మాయి

టెక్సాస్, ఫ్రిస్కో నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి 11వ క్లాస్, ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుందట, ఇప్పుడు గిటార్ పట్టుకుని కంట్రీ (అమెరికా పల్లెపాటల్లోంచి పుట్టిన సంగీతం) సింగర్ అవుతా, ఆ పాటల్లో పేరున్న రీబా మెకంటైర్ లాగా యాక్టింగ్ కూడా చేస్తా అంటోందట. "కంప్యూటర్ సైన్స్ చదవమంటే ఇదేం గొడవండీ" అని ఆయన బాధ.

సార్, పిచ్చి కోరికేం కాదు, కాకపోతే ఏది ముందు ఏది వెనక అనేది తెలియాలి. రీబా 1974లో ఓక్లహోమా సిటీలో రోడియో (గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ) పోటీల దగ్గర అమెరికా జాతీయ గీతం పాడింది, అక్కడ విన్నవాళ్ల వల్లే కంట్రీ పాటలకి కేంద్రమైన నాష్‌విల్ దారి దొరికి 1975లో రికార్డ్ కాంట్రాక్ట్ వచ్చింది, మొదటి సినిమా 1990లో, తన పేరుతోనే టీవీ సిట్‌కామ్ 2001లో. ఇంకో పెద్ద కంట్రీ గాయని డాలీ పార్టన్ కూడా 1964లో హైస్కూల్ అయిన మర్నాడే నాష్‌విల్ వెళ్లిపోయింది, మొదటి సినిమా 1980లో. పాట నిలబడ్డాకే సినిమావాళ్లు వచ్చారు, అందుకని రెండు పడవలూ ఇప్పుడే ఎక్కొద్దని చెప్పండి, స్కూల్లో థియేటర్ క్లాస్ ఉంటే అది చాలు.

అసలు సంగతి గొంతు కాదండి, రాయడం. డాలీ రాసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాట రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు, కానీ అతని మేనేజర్ పబ్లిషింగ్ హక్కుల్లో (పాట మీద వచ్చే రాబడి హక్కు) సగం రాసివ్వాలన్నాడు, ఈవిడ రాత్రంతా ఏడ్చి కూడా కుదరదు అనేసింది. అదే పాట 1992లో విట్నీ హ్యూస్టన్ ఒక సినిమా కోసం పాడితే ఎంత పెద్ద హిట్టో మీకూ తెలుసు, ఆ రాబడి డాలీకే వచ్చింది. ఎవరు పాడినా రాసినవాళ్లకి రాయల్టీ వస్తూనే ఉంటుంది, మీ అమ్మాయి నేర్చుకోవాల్సిన కంప్యూటర్ సైన్స్ అదే అనుకోండి.

కంట్రీ పాటంటే సగం కథే. కర్ణాటకం వల్ల శ్రుతి గట్టిగా ఉంటుంది, గమకాలు మాత్రం కొంచెం పక్కన పెట్టాలి, లేకపోతే ప్రతి లైనూ కీర్తనలాగా వంకర్లు పోతుంది (నవ్వకండి, నేను విన్నాను).

చదువు మానక్కర్లేదు. నాష్‌విల్‌లో బెల్మాంట్ యూనివర్సిటీలో సాంగ్‌రైటింగ్ డిగ్రీయే ఉంది, ప్రైవేట్ కాబట్టి ఫీజు మోత. దగ్గర్లోనే మర్‌ఫ్రీస్‌బరోలో స్టేట్ యూనివర్సిటీ ఉంది, మ్యూజిక్ బిజినెస్‌కి మంచి పేరు, కాకపోతే మీకు ఔట్ ఆఫ్ స్టేట్ (వేరే రాష్ట్రం వాళ్లకి వేసే ఎక్కువ) ఫీజు పడుతుంది. కంట్రీ గాయకుడు క్రిస్ క్రిస్టోఫర్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఆర్మీలో హెలికాప్టర్ నడిపి, చివరికి నాష్‌విల్ స్టూడియోలో ఊడ్చే పనికి చేరి అక్కణ్ణుంచి పాటలు, సినిమాలు అన్నీ చేశాడు, ఇది మాత్రం మీ అమ్మాయి వాళ్లమ్మగారికి చదివి వినిపించొద్దు.

వీసా సంగతి మీరు రాయలేదు. పాప హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే డబ్బులు తీసుకుని పాడకూడదు, 21 నిండితే ఆ స్టేటస్ కూడా పోతుంది, కాబట్టి కాలేజీ లిస్ట్ కన్నా ముందు లాయర్‌తో మాట్లాడండి.

స్ప్రింగ్ బ్రేక్‌కి నాష్‌విల్ తీసుకెళ్లి, బ్లూబర్డ్ కేఫ్‌లో ఒక సాయంత్రం కూర్చోబెట్టండి, చిన్న హాలు, పాటలు రాసినవాళ్లే మధ్యలో కూర్చుని పాడతారు. ఈలోపు తను సొంతంగా రాసిన పాటలు ఎన్నున్నాయో అడిగి నాకు రాయండి, కవర్ సాంగ్స్ (వేరేవాళ్ల పాటలు తను పాడినవి) లెక్కలోకి రావు.